అప్‌డేట్ తర్వాత బ్రైట్‌నెస్ బార్ కదులుతోంది, స్క్రీన్ మాత్రం ఫుల్‌లోనే ఉంటోంది

గోదారిగట్టు
విండోస్ 11 ల్యాప్‌టాప్. రాత్రి అప్‌డేట్ అయి ఆగింది, పొద్దున్న తెరిస్తే కళ్ళు చెదిరేంత వెలుగు. ఎఫ్ఎన్ కీలు నొక్కితే తెర మీద బార్ వస్తోంది, సున్నా దాకా దిగుతోంది, వెలుగులో మాత్రం ఇసుమంత తేడా లేదు. కింద మూల స్లైడర్ లాగినా అంతే. రీస్టార్ట్ చేశా, ఛార్జర్ తీసి చూశా. రైజెన్ 5 ప్రాసెసర్, పక్కన ఎన్విడియా కార్డు కూడా ఉంది. వారంటీ అయిపోయింది. ప్యానెల్ పోయిందా, సాఫ్ట్‌వేర్ గొడవేనా?

కీబోర్డు_కిట్టయ్య
విండోస్ మళ్ళీ వేసేయండి. గంటలో అయిపోద్ది.

ప్యానెల్_పంతులు
కిట్టయ్య గారూ, ప్రింటర్ పనిచేయకపోయినా మీ మందు అదే.

గోదారిగట్టు గారూ, బార్ కదిలి వెలుగు కదలకపోవడం ఒకటి, అసలు బారే రాకపోవడం ఇంకొకటి, వెలుగు తనంతట తనే మారిపోవడం మరొకటి. మూడింటికీ కారణాలు వేరు. మీది మొదటిది.

కీ నొక్కగానే ఆ సంకేతం కీబోర్డు కంట్రోలర్ నుంచి ఫర్మ్‌వేర్‌కి (బోర్డు మీదే ఉండే పునాది ప్రోగ్రామ్), అక్కణ్ణుంచి విండోస్‌కి వెళ్తుంది. విండోస్ ఫలానా శాతం పెట్టమని గ్రాఫిక్స్ డ్రైవర్‌కి, అంటే గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే ప్రోగ్రామ్‌కి, చెబుతుంది. మామూలు ఎల్‌సీడీల్లో డ్రైవర్ ఆ శాతాన్ని పల్స్ వెడల్పుగా మార్చి ప్యానెల్‌కి పంపుతుంది, అక్కడున్న చిన్న ఎల్ఈడీ చిప్ దాని ప్రకారం బ్యాక్‌లైట్ (తెర వెనక దీపం) నడుపుతుంది. మీకు బార్ వస్తోందంటే విండోస్ దాకా దారి బాగానే ఉంది. తెగింది డ్రైవర్ దగ్గర, లేదా ఆ తర్వాత. కాబట్టి హాట్‌కీ యాప్‌లు మళ్ళీ వేసుకోవడం మీకు దండగ.

ముందు ప్యానెల్ సంగతి తేల్చండి. పవర్ ఆన్ చేస్తూనే ఎఫ్2 (కొన్నిట్లో ఎఫ్10 లేదా డిలీట్) కొట్టి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్ళి అక్కడ బ్రైట్‌నెస్ కీలు నొక్కండి. తగ్గితే ప్యానెల్, కేబుల్ రెండూ బాగున్నట్టే. తగ్గకపోతే మాత్రం కంగారు పడొద్దు, కొన్ని బయోస్‌లు ఆ కీలను పట్టించుకోవు.

తర్వాత డివైస్ మేనేజర్ తెరవండి (విండోస్ కీ + ఎక్స్, ఆపైన ఎం). డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏమేం పేర్లున్నాయి, మానిటర్స్ కింద ఏముంది, డ్రైవర్ ట్యాబ్‌లో తేదీ, వెర్షన్ ఎంత, ఇవన్నీ రాయండి. ఇవి చూడకుండా మందు చెబితే చీకట్లో రాయే.

గోదారిగట్టు
బయోస్‌లో తగ్గుతోంది! పోనీలే, ప్యానెల్ ఖర్చు తప్పింది.
అడాప్టర్స్‌లో ఏఎండీ రేడియాన్ గ్రాఫిక్స్, ఎన్విడియా జీఫోర్స్ రెండూ ఉన్నాయి, పసుపు గుర్తులు లేవు. మానిటర్స్‌లో జెనరిక్ పీఎన్‌పీ మానిటర్. రేడియాన్ డ్రైవర్ వెర్షన్ మాత్రం ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఉన్నది కాదు, వేరే నంబర్.

అమలాపురం_అమ్మాయి
మధ్యలో దూరుతున్నా. నాకు స్లైడరే మాయమైంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలో బ్రైట్‌నెస్ అనే గీతే లేదు. అక్షరాలు కూడా పెద్దగా, మొద్దుగా కనిపిస్తున్నాయి.

ప్యానెల్_పంతులు
అక్షరాలు మొద్దుగా ఉన్నాయంటే సగం జవాబు మీరే చెప్పేశారు. డిస్‌ప్లే అడాప్టర్స్‌లో "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటుంది, చూడండి.

అమలాపురం_అమ్మాయి
అదే ఉంది.

ప్యానెల్_పంతులు
అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కకపోతే విండోస్ ఈ బేసిక్ దాంతో బొమ్మ మాత్రం చూపిస్తుంది. దానికి బ్యాక్‌లైట్ నడపడం రాదు, అందుకే స్లైడర్‌ని తీసేస్తుంది. సేఫ్ మోడ్‌లోనూ ఇదే వాడుతుంది కాబట్టి అక్కడ బ్రైట్‌నెస్ పరీక్షించి లాభం లేదు. మీ మోడల్ నంబర్‌తో కంపెనీ సపోర్ట్ పేజీకి వెళ్ళి గ్రాఫిక్స్ డ్రైవర్ దింపి వేయండి, రీస్టార్ట్ చేయండి. స్లైడర్ తిరిగొస్తుంది.

చిత్తూరు_చిప్
అమలాపురం చెల్లీ, డ్రైవర్ వేసినాక కూడా రాకపోతే మానిటర్స్ కింద చూడు. జెనరిక్ పీఎన్‌పీ మానిటర్ మీద కిందికి బాణం గుర్తు ఉంటే అది డిసేబుల్ అయినట్టు. రైట్ క్లిక్ కొట్టి ఎనేబుల్ చెయ్. ఆ పేరు బదులు ఏదైనా రిమోట్ యాప్ మానిటర్ డ్రైవర్ కూర్చోని ఉంటే దాన్ని ఎత్తేయాల. అదొకటి ఉంటే చాలు, బ్రైట్‌నెస్ ఆడదు.

బొబ్బట్టు_బైట్స్
గోదారిగట్టు గారికి డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రామ్) ఒక్కటే దారి. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి పాత డ్రైవర్‌ని వేళ్ళతో సహా పీకేసి కొత్తది వేసుకోవడమే.

ఓరుగల్లు_ఓఎస్
గంత దూరం ముందుగాలనే ఎందుకన్నా? రోల్ బ్యాక్ చూడకుండనే డీడీయూనా? రేడియాన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, రోల్ బ్యాక్ డ్రైవర్. రెండు నిమిషాల పని. అయితే అయింది, లేకుంటే అప్పుడు చూద్దాం.

గోదారిగట్టు
రోల్ బ్యాక్ బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కనివ్వట్లేదు.

ఓరుగల్లు_ఓఎస్
పాత డ్రైవర్‌ను ఆ డివైస్‌కు విండోస్ గుర్తు పెట్టుకోలేదన్నట్టు. అయినా ఫైళ్ళు లోపల ఉండొచ్చు. అదే ట్యాబ్‌ల అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, "బ్రౌజ్ మై కంప్యూటర్" ఎంచుకో. కింద "లెట్ మి పిక్ ఫ్రమ్ ఎ లిస్ట్" అని ఉంటది, అది కొట్టు. జాబితాల రేడియాన్ రెండు మూడు వెర్షన్లు కనబడితే పాతది ఎంచుకొని నెక్స్ట్ కొట్టు. తెర ఒకసారి నల్లగై మళ్ళొస్తది, భయపడకు.

గోదారిగట్టు
జాబితాలో ఒక్కటే ఉంది. అది కూడా ఇప్పుడున్నదే.

ప్యానెల్_పంతులు
అయితే ఈ వరసలో చేయండి.

ముందు కంపెనీ సపోర్ట్ పేజీ నుంచి మీ మోడల్‌కి ఇచ్చిన ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్ డౌన్‌లోడ్ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి. ఏఎండీ సైట్‌లో దొరికే కొత్తది ఇప్పుడే వద్దు. ల్యాప్‌టాప్ తయారీదారు ప్యానెల్‌కి తగ్గట్టు సర్దిన సెట్టింగులు వాళ్ళ ప్యాకేజీలో ఉంటాయి.

తర్వాత వైఫై ఆపేయండి. చాలామంది వదిలేసేది ఇదే. నెట్ ఉంటే మీరు పాతది తీసి కొత్తది వేసేలోపే విండోస్ అప్‌డేట్ తన డ్రైవర్‌ని మళ్ళీ దింపేస్తుంది.

రేడియాన్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ డివైస్. వచ్చే పెట్టెలో డ్రైవర్‌ని కూడా తొలగించే టిక్కు ఒకటుంటుంది, అది పెట్టాలి. పెట్టకపోతే రీస్టార్ట్ అవగానే అదే డ్రైవర్ విండోస్ లోపల దాచుకున్న కాపీలోంచి లేచొస్తుంది. రీస్టార్ట్ అయ్యాక తెర మొద్దుగా కనిపిస్తే మంచిదే, బేసిక్ అడాప్టర్ మీద ఉన్నారన్నమాట. అప్పుడు డెస్క్‌టాప్ మీదున్న ప్యాకేజీ నడపండి, ఇంకోసారి రీస్టార్ట్ చేసి, బ్రైట్‌నెస్ చూసుకున్నాకే వైఫై పెట్టండి.

డీడీయూ తప్పని నేననను. దీనికి లొంగకపోతే అదే. కానీ సేఫ్ మోడ్‌కి వెళ్ళేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) సంగతి చూసుకోవాలి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తనే ఆన్ అయి ఉంటుంది. సేఫ్ మోడ్‌కో, బయోస్‌లో ఏదైనా మార్చినప్పుడో 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో డివైస్ పేరు కింద ఉంటుంది, ముందే ఫోన్‌లో తెరిచి పెట్టుకోండి.

బొబ్బట్టు_బైట్స్
బిట్‌లాకర్ మాట ఒప్పుకుంటా. మిగతాది ఒప్పుకోను, రెండు డ్రైవర్ల తునకలు కలిసిపోతే ఈ పైపై శుభ్రం చాలదు.

కీబోర్డు_కిట్టయ్య
ఇదంతా చేసేలోపు విండోస్ మళ్ళీ వేసేసి టీ కూడా తాగొచ్చు 😄

సైలెంట్_రీడర్
కిట్టయ్య గారూ, మళ్ళీ వేసినా విండోస్ అప్‌డేట్ అదే డ్రైవర్ దింపుతుంది కదా. టీ చల్లారేలోపు కథ మొదటికొస్తుంది.

చిన్నపిక్సెల్
ఏఎండీకి రిజిస్ట్రీలో ఒక చిట్కా ఉంది కదా, అది ఎవరూ చెప్పలేదేం? హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్. అందులో 4డీ36ఈ968తో మొదలయ్యే ఫోల్డర్, దాని లోపల 0000, 0001. వాటిల్లో "కేఎండీ ఎనేబుల్ బ్రైట్‌నెస్ ఇంటర్‌ఫేస్2" విలువ 1 ఉంటే 0 చేసి రీస్టార్ట్.

ఓరుగల్లు_ఓఎస్
ఆ చిట్కా విండోస్ 10 కాలం నాటి ఏఎండీ డ్రైవర్లది. ఆ పేరు ఫోల్డర్‌ల కనబడితేనే మార్చాలె, లేకుంటే కొత్తగ తయారు చేసి పెట్టుడు వద్దు. ఇంకోటి, 0000 ఏ కార్డుదో చూసుకోవాలె. లోపల "డ్రైవర్ డెస్క్" అనే విలువల పేరు రాసి ఉంటది. ఎన్విడియా దాంట్ల మారిస్తే ఏం లాభం? మార్చే ముందు ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలె. డ్రైవర్ అప్‌డేట్ అయితే ఆ విలువ మళ్ళీ 1 అయితదని కూడ యాదుంచుకో.

చిత్తూరు_చిప్
రెండు కార్డులు ఉండేవాళ్ళకి ఇంకో మాట. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో మక్స్ స్విచ్ (ప్యానెల్‌ని ఏ కార్డుకి కలపాలో మార్చేది) ఉంటే, డిస్క్రీట్ మోడ్‌లో పెట్టినప్పుడు ప్యానెల్ నేరుగా ఎన్విడియాకి తగులుకోని ఉంటుంది. అప్పుడు వెలుగు నడిపేది ఎన్విడియా డ్రైవర్. ఏఎండీది ఎన్నిసార్లు మార్చినా ఏం లాభం ల్యా. కంపెనీ యాప్‌లోనో బయోస్‌లోనో హైబ్రిడ్‌కి మార్చి రీస్టార్ట్ చేస్తే తేలిపోతాది. హైబ్రిడ్‌లో వెలుగు తగ్గితే ఎన్విడియా డ్రైవర్ సూడాల, తగ్గకపోతే ఏఎండీది. గోదారిగట్టన్నా, నీది ఏ మోడ్‌లో ఉండాది?

గోదారిగట్టు
హైబ్రిడ్‌లోనే ఉంది. పంతులు గారి వరస మొదలుపెడుతున్నా.

తెలుపునలుపు
నాది స్లైడర్ బాగానే పనిచేస్తుంది. కానీ అప్‌డేట్ తర్వాత తెల్లటి పేజీ తెరిస్తే ఒక వెలుగు, నల్లటిది తెరిస్తే ఒక వెలుగు. రెండు సెకన్లలో మెల్లగా మారుతుంది. ఛార్జర్ పెడితే ఆగిపోతుంది. ఫోటోలు ఎడిట్ చేయాలంటే నరకం.

ప్యానెల్_పంతులు
ఛార్జర్ పెడితే ఆగుతోందంటే బ్యాటరీ ఆదా చేసే లక్షణం అది, జబ్బు కాదు. తెర మీద ఏముందో చూసి బ్యాక్‌లైట్ తగ్గించి, పిక్సెల్స్‌ని ఆ మేరకు పెంచి సరిపెడుతుంది. దీన్ని రెండు పొరలు చేస్తుంటాయి, ఒకటి ఆపితే రెండోది మిగులుతుంది.

విండోస్‌ది: సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే. బ్రైట్‌నెస్ పక్క బాణం నొక్కితే "చేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్" ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయండి. లైట్ సెన్సర్ ఉన్న మోడల్ అయితే అక్కడే గది వెలుగును బట్టి మార్చే టిక్కు కూడా ఉంటుంది, అది వేరు.

గ్రాఫిక్స్ డ్రైవర్‌ది: ఇంటెల్ అయితే గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో సిస్టమ్, పవర్, ఆన్ బ్యాటరీ ట్యాబ్‌లో డిస్‌ప్లే పవర్ సేవింగ్స్ ఆఫ్. ఏఎండీ అయితే ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే కింద వేరీ బ్రైట్ ఆఫ్. డ్రైవర్ కొత్తగా ఎక్కినప్పుడు ఇవి మళ్ళీ ఆన్ అవుతుంటాయి, అందుకే అప్‌డేట్ తర్వాతే కనిపిస్తుంది.

తెలుపునలుపు
ఇంటెల్. విండోస్‌లో ఎప్పుడో ఆపా, కమాండ్ సెంటర్‌లోది ఆన్‌లో ఉంది. ఆపగానే పోయింది 🙏

సైలెంట్_రీడర్
దీనికి తోడు విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి బ్యాటరీ సేవర్ స్థానంలో ఎనర్జీ సేవర్ వచ్చింది. దాన్ని ఛార్జర్ పెట్టి ఉన్నా నడిచేలా పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో పవర్ అండ్ బ్యాటరీ కింద, ఎనర్జీ సేవర్‌లో వెలుగు తగ్గించే స్విచ్ ఒకటుంది. "అప్‌డేట్ తర్వాత డల్ అయింది" అనేవాళ్ళు ముందు అది చూడండి. ఆ తర్వాత నైట్ లైట్, హెచ్‌డీఆర్. హెచ్‌డీఆర్ ఆన్ అయి ఉంటే మామూలు కిటికీలన్నీ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, విండోస్ కీ + ఆల్ట్ + బీ కొడితే మారుతుంది.

లైనక్స్_లచ్చన్న
విండోస్ వాళ్ళదేనా గోల, మా ఉబుంటు వాళ్ళకీ చోటివ్వండి. కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మారాక కీలు పనిచేయనివాళ్ళు ముందు సిస్, క్లాస్, బ్యాక్‌లైట్ అనే ఫోల్డర్‌లో ఏముందో చూడండి. ఇంటెల్ బ్యాక్‌లైట్ అనో, ఏఎండీజీపీయూ బీఎల్ అనో ఉంటే అసలు డ్రైవర్ దొరికినట్టు. ఏసీపీఐ వీడియో0 ఒక్కటే ఉంటే అది ఫర్మ్‌వేర్ దారి, కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలాసార్లు బార్ కదిలి వెలుగు కదలనిది దీనివల్లే. ఫోల్డర్ ఖాళీ అయితే గ్రాఫిక్స్ డ్రైవరే ఎక్కలేదు. 2022 డిసెంబర్‌లో వచ్చిన 6.1 కెర్నెల్‌లో ఈ ఎంపిక చేసే పద్ధతే తిరగరాశారు. కొన్ని పాత మోడళ్ళలో అప్పటిదాకా పట్టిన దారి అక్కడ మారింది.

గ్రబ్ మెనూలో (ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో ఎంచుకునే తెర) ఉబుంటు మీద ఉండగా ఇంగ్లీషు "ఇ" (e) కీ కొట్టండి. లైనక్స్ అని మొదలయ్యే వరస చివర ఒక ఖాళీ వదిలి "ఏసీపీఐ అండర్‌స్కోర్ బ్యాక్‌లైట్ ఈక్వల్స్ నేటివ్" అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్క బూట్‌కే. పనిచేస్తే ఎట్సీ, డిఫాల్ట్, గ్రబ్ ఫైల్లో క్వయట్ స్ప్లాష్ ఉన్న కోట్ల లోపలే చేర్చి, సుడోతో అప్‌డేట్ గ్రబ్ నడపండి. నేటివ్ పనికిరాకపోతే వీడియో, అదీ కాకపోతే వెండార్.

మెషీన్‌ఘాట్
అంత దేనికి, ఎక్స్‌రాండర్ కమాండ్‌లో బ్రైట్‌నెస్ 0.6 అని ఇస్తే తగ్గిపోతుందిగా.

లైనక్స్_లచ్చన్న
అది బ్యాక్‌లైట్‌ని తాకదు. పిక్సెల్స్‌ని నల్లబరుస్తుందంతే, వెనక దీపం ఫుల్‌లోనే వెలుగుతుంటుంది. బ్యాటరీ మిగలదు, రంగులు మురికిపడతాయి. వేలాండ్ (ఉబుంటులో తెర మీద బొమ్మ చూపించే కొత్త పద్ధతి) సెషన్‌లో అయితే ఆ మాత్రం కూడా చేయదు. చేత్తో పరీక్షించాలంటే ఆ బ్యాక్‌లైట్ ఫోల్డర్‌లోనే మాక్స్ బ్రైట్‌నెస్ ఫైలు చదివి, అందులో సగం అంకె రూట్‌గా బ్రైట్‌నెస్ ఫైల్లో రాయండి. సున్నా రాయొద్దు, కొన్ని ప్యానెల్స్ పూర్తిగా ఆరిపోతాయి.

మెషీన్‌ఘాట్
నాది రైజెన్, ఉబుంటు 24.04. వెలుగు మారుతుంది కానీ బ్యాటరీ మీదకి రాగానే రంగులు వెలిసిపోతున్నాయి. అదీ ఇదేనా?

లైనక్స్_లచ్చన్న
కాదు, మీది తెలుపునలుపు గారి జబ్బుకి లైనక్స్ తమ్ముడు. ఏఎండీలో ఏబీఎం అంటారు. పవర్ ప్రొఫైల్స్ డీమన్ (కరెంటు వాడకాన్ని సర్దే ప్రోగ్రామ్) 0.20 వెర్షన్ నుంచి బ్యాటరీ మీద దాన్ని తనే ఆన్ చేస్తోంది. పైన చెప్పిన గ్రబ్ వరసలోనే "ఏఎండీజీపీయూ చుక్క ఏబీఎం లెవెల్ ఈక్వల్స్ 0" చేర్చండి, ఆగిపోతుంది.

గోదారిగట్టు
పంతులు గారి వరస పూర్తయింది. వెలుగు తగ్గుతోంది, పెరుగుతోంది, కంపెనీ డ్రైవర్‌తోనే! కానీ మూత మూసి నిద్రపుచ్చి లేపితే మళ్ళీ ఫుల్‌లో ఇరుక్కుంటోంది. రీస్టార్ట్ చేస్తే సరవుతోంది. వైఫై పెట్టడానికి కూడా భయంగా ఉంది, మళ్ళీ అదే డ్రైవర్ దింపుతుందేమోనని.

బొబ్బట్టు_బైట్స్
చెప్పానా? తునకలు!

ప్యానెల్_పంతులు
ఆగండి బొబ్బట్టు గారూ. నిద్ర లేచాక ఇరుక్కున్నప్పుడు విండోస్ కీ + కంట్రోల్ + షిఫ్ట్ + బీ కొట్టి చూడండి. తెర ఒక్క క్షణం ఆరి, చిన్న బీప్ వస్తుంది, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు వెలుగు మాట వింటే తప్పు నిద్ర లేచే తీరులో ఉంది. కంపెనీ పేజీలో బయోస్, ఏఎండీ చిప్‌సెట్ డ్రైవర్ కొత్తవి ఉంటే రెండూ వేయండి. బయోస్ వేసేటప్పుడు ఛార్జర్ పెట్టి ఉండాలి, పైన చెప్పిన రికవరీ కీ చేతిలో ఉండాలి. షట్‌డౌన్ చేసి తెరిచినప్పుడు కూడా ఇరుక్కుంటే కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. ఇవన్నీ అయ్యాక కూడా అలాగే ఉంటే డీడీయూ, బొబ్బట్టు గారి కోరిక తీరుతుంది.

సైలెంట్_రీడర్
డ్రైవర్ మళ్ళీ దిగకుండా: విండోస్ ప్రో అయితే గ్రూప్ పాలసీలో విండోస్ అప్‌డేట్ కింద "డు నాట్ ఇన్‌క్లూడ్ డ్రైవర్స్ విత్ విండోస్ అప్‌డేట్స్" ఎనేబుల్ చేయండి. హోమ్‌లో గ్రూప్ పాలసీ ఉండదు, రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ అప్‌డేట్ కింద "ఎక్స్‌క్లూడ్ డబ్ల్యూయూ డ్రైవర్స్ ఇన్ క్వాలిటీ అప్‌డేట్" అనే డీవర్డ్ (అంకె దాచే ఎంట్రీ), విలువ 1. ఆ ఫోల్డర్ లేకపోతే తయారు చేసుకోవాలి.

ఓరుగల్లు_ఓఎస్
అది పెడితే వైఫై, ప్రింటర్, బ్లూటూత్ డ్రైవర్లు కూడ ఆగిపోతయి, కొత్తగ ఏమన్న తగిలిస్తే దొర్కయి. అట్లనే వదిలేయకుండ్రి. కంపెనీ వాళ్ళు కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ ఇడిస్తే అది వేసుకొని, విలువ 0 చేసి చూడుండ్రి.

చిన్నపిక్సెల్
పెద్ద అప్‌డేట్ అయితే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో గో బ్యాక్ కూడా ఉంది కదా?

సైలెంట్_రీడర్
ఉంది, 10 రోజుల లోపు అయితేనే. డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్ళు తీసేసి ఉంటే అదీ ఉండదు. నెలనెలా వచ్చే చిన్న అప్‌డేట్ అయితే అప్‌డేట్ హిస్టరీలో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్.

గోదారిగట్టు
బీ కాంబినేషన్‌కి వెలుగు మాట వింది. బయోస్, చిప్‌సెట్ రెండూ కొత్తవి ఉన్నాయి, వేశాను. ఇప్పుడు మూత మూసి తెరిచినా పనిచేస్తోంది. సైలెంట్ గారు చెప్పిన విలువ కూడా పెట్టాను. అందరికీ దండాలు.

కీబోర్డు_కిట్టయ్య
నా టీ చల్లారింది.

అమలాపురం_అమ్మాయి
నా స్లైడర్ కూడా వచ్చేసింది. ఇంకొక్కటి. ఇంట్లో ఇంకో పాత ల్యాప్‌టాప్ అప్‌డేట్ అయ్యాక తెర పూర్తిగా నలుపు. హెచ్‌డీఎంఐతో టీవీకి పెడితే అంతా మామూలే. ఇదీ డ్రైవరేనా?

ప్యానెల్_పంతులు
విండోస్ కీ + పీ కొట్టి "సెకండ్ స్క్రీన్ ఓన్లీ"లో లేదని చూసుకోండి. తర్వాత గది చీకటి చేసి ఫోన్ టార్చ్ తెరకి దగ్గరగా ఏటవాలుగా పట్టండి. లోపల కిటికీలు, అక్షరాలు మసకగా కనిపిస్తే బొమ్మ వస్తోంది, బ్యాక్‌లైట్ ఆరిందని అర్థం. ఆన్ చేయగానే కంపెనీ గుర్తు వచ్చేటప్పుడు కూడా నలుపే అయితే విండోస్‌కి సంబంధం లేదు. అప్‌డేట్‌కీ దీనికీ తేదీ కలిసిందంతే.

అలాగైతే ముందు కేబుల్, తర్వాత మదర్‌బోర్డు మీద బ్యాక్‌లైట్ ఫ్యూజ్, ఆ తర్వాతే ప్యానెల్. మూత కోణం మారుస్తుంటే వెలిగి ఆరుతుంటే అనుమానం కేబుల్ మీదే, హింజ్ దగ్గర నలుగుతుంది. ప్యానెల్ కంటే కేబుల్ బాగా చవక. షాపులో నేరుగా ప్యానెల్ మార్చాలంటే ఫ్యూజ్, కేబుల్ చూశారా అని అడగండి.

చిత్తూరు_చిప్
ప్యానెల్ మార్చక తప్పకపోతే ల్యాప్‌టాప్ మోడల్ చెప్పి కొనొద్దు. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల ప్యానెల్స్ వస్తాయి. విప్పి వెనక స్టిక్కర్ మీద నంబర్ ఫోటో తీసుకోని, 30 పిన్నా 40 పిన్నా, కనెక్టర్ ఏ పక్క ఉండాది, స్క్రూ చెవులు ఉండాయా లేవా చూసుకోని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ షాపుల్లో అయినా ఇంకెక్కడైనా ఆ నంబరే అడగాల. విప్పే ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాల, మరిచిపోవద్దు. బ్యాటరీ ఉండగానే ఆ కేబుల్ పెరికితే బాగుండే ఫ్యూజ్ కూడా పోతాది.